కోనసీమలో పక్షుల ఫొటోలు: ఏ లెన్స్ కొనాలి, ఏ వేళకి వెళ్ళాలి

మాస్టారూ, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ దగ్గర నికాన్ డీ5600 కెమెరా, దానితో వచ్చిన 18-55 ఎం.ఎం. లెన్స్, తర్వాత కొన్న 70-300 లెన్స్ ఉన్నాయి. అమలాపురం చుట్టుపక్కల పక్షుల ఫొటోలు తీస్తున్నారు. పిట్ట చిన్నగా వస్తోంది, పెద్దది చేసి చూస్తే ఈకలు కలిసిపోయి మెత్తగా ఉంటోంది. ఒక ఆదివారం కాకినాడ దగ్గరి మడ అడవి కోరింగ వెళ్ళి పదకొండు గంటలకి చెక్క వంతెన మీద నడిస్తే చెట్లూ జనమూ తప్ప ఏమీ కనపడలేదు. చేతిలో 80 వేలు ఉన్నాయి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) బాడీకి మారాలా, 150-600 లెన్స్ కొనాలా అని అడిగారు.

లెన్స్ కొనండి, బాడీ మార్చకండి. అయితే లెన్స్ కంటే ముందు మీకు కావలసింది నీళ్ళ లెక్క. మన డెల్టాలో పక్షి ఎక్కడుంటుందో, ఎంత దగ్గరికి వస్తుందో నీళ్ళే నిర్ణయిస్తాయి. సముద్రం వైపు పోటూ (నీళ్ళు ఎక్కడం) పాటూ (నీళ్ళు దిగడం), లోపల సార్వా (వానాకాలం వరి) దాళ్వా (రెండో పంట వరి). ఈ రెండూ తెలిస్తే మీ 70-300తోనే ఇప్పుడు వస్తున్నవాటికంటే మంచి ఫొటోలు వస్తాయి. తెలియకపోతే 600 పెట్టినా ఎండలో ఆవిరిలా కదిలే గాలిలోంచి దూరపు చుక్కల్నే తీస్తారు.

ముందు బాడీ సంగతి తేల్చేద్దాం. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 300 ఎం.ఎం. లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌లో 450 ఇచ్చేంత కోణాన్ని ఇస్తుంది, 600 పెడితే 900 ఇచ్చేంత. ఫుల్‌ఫ్రేమ్‌కి మారితే ఈ లాభం పోతుంది, అదే లెన్స్‌తో పిట్ట ఇంకా చిన్నదవుతుంది. చీకటి పడే వేళ ఫొటోలో గరుకు (గింజల్లా కనపడే మచ్చలు) తగ్గడం నిజమే కానీ మీ ఇబ్బంది అది కాదు. డీ5600లో 24 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి, సెకనుకి 5 ఫొటోలు తీస్తుంది, స్క్రీన్ బయటికి తెరుచుకుని అన్ని వైపులా తిరుగుతుంది. ఆ తిరిగే స్క్రీన్ కోరింగలో ఎంత పనికొస్తుందో కిందకి వచ్చాక చెబుతాను.

మెత్తగా రావడానికి నాకు తోచే కారణాలు మూడు. మొదటిది షట్టర్ నెమ్మదిగా ఉండటం. కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్ట కూడా తల తిప్పుతూనే ఉంటుంది, 1/250 దానికి చాలదు. అపర్చర్ ప్రయారిటీ (A) మోడ్‌లో పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఆటో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా చూపే సున్నితత్వం) పెట్టుకోండి. కనీస షట్టర్ 1/1000, ఐఎస్ఓ గరిష్ఠం 3200. ఎగిరేవాటికి, పడవలోంచి తీసేవాటికి 1/2000. ఐఎస్ఓ పెరిగితే వచ్చే గరుకుని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టలేదు. రెండోది వేళ. తొమ్మిది దాటాక చేల మీద, బురద మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. ఆ గాలిలోంచి వంద మీటర్ల దూరంలో ఉన్న కొంగని ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా ఊలు బంతిలాగే వస్తుంది. మూడోది దూరం. పిట్ట ఫ్రేమ్‌లో పదో వంతు ఉంటే, కత్తిరించి పెద్దది చేశాక అందులో మిగిలే వివరం చాలా తక్కువ.

ఫోకస్ విషయంలో ఒక్క మార్పు చేసి చూడండి. మెనూలో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌ని ఏఎఫ్-ఆన్‌గా మార్చి, ఏఎఫ్-సీలో (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసే పద్ధతి) పెట్టండి. బొటనవేలితో ఫోకస్, చూపుడు వేలితో క్లిక్. కూర్చున్న పిట్ట ఎగిరినా సెట్టింగులు మార్చే పని ఉండదు. వారం రోజులు చెయ్యి తిరగక విసుగొస్తుంది, మానకండి.

ఇక నీళ్ళ లెక్క.

కాకినాడ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకీ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ దూరం దిగుతాయి. వేటకెళ్ళేవాళ్ళు తిథి చూసి వేళ చెప్పేస్తారు, మనకి కాకినాడ పోర్టు పేరుతో టైడ్ టేబుల్ ఫోన్‌లోనే దొరుకుతుంది. ఇందులో మనకి కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఒక చోట అమావాస్య నాడు పోటు ఏ వేళకి నిండుగా ఉందో, పౌర్ణమికీ దాదాపు ఆ వేళకే ఉంటుంది. కాబట్టి ఒక ఉదయం బాగా కుదిరితే ఆ తిథిని డైరీలో రాసుకోండి, పదిహేను రోజులకి దాదాపు అదే ఉదయం మళ్ళీ వస్తుంది.

చాలామంది పాటు దిగినప్పుడు బురదమేటల మీదకి వెళతారు, పక్షులు అప్పుడే మేస్తాయి కదా అని. మేస్తాయి, నిజమే. కానీ మైళ్ళ పొడుగునా తేలిన బురదలో ఎవరి చోటు వాటిది. మోకాలి లోతు దిగబడుతూ మీరు వాటి వైపు నడిచిన కొద్దీ అవి ముందుకి జరుగుతూనే ఉంటాయి. పోటు మొదలయ్యే ముందే ఒడ్డున నిలకడైన చోటు చూసుకుని కింద కూర్చోండి. నీళ్ళు ఎక్కుతున్న కొద్దీ బురద తరిగిపోతుంది, ఉల్లంకి జాతి పిట్టలన్నీ (బురద అంచున మేసేవి) మిగిలిన అంచు మీదికి, అంటే మీ వైపుకి వస్తాయి. మీరు కదలకపోతే చాలు. ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోవడం ఒక్కటే మీరు ముందుగా ఆలోచించుకోవలసింది.

కాకినాడలో కుంభాభిషేకం అనే చోట ఉన్న బురదమేటలు ఇందుకు బాగుంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఉత్తర దేశాల నుంచి వచ్చే వలస పక్షులు అక్కడ దిగుతాయి. ఇండియన్ స్కిమ్మర్లు కనపడే అదృష్టం కూడా అక్కడుంది. నల్లటి తల, నారింజ రంగు ముక్కు, ముక్కులో కింది దబ్బ పై దబ్బ కంటే పొడుగు. ఆ కింది దబ్బని నీళ్ళలో ముంచి, నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షుల్లో ఇదొకటి. గుంపుగా ఇసుక మీద ముక్కులన్నీ ఒకే వైపు పెట్టి కూర్చుంటాయి. ఎగిరే ఫొటో కోసం వాటిని లేపకండి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పిట్టలూ ఆ గుంపుల్లోనే కూర్చుంటాయి. పోటు వేళ వాటికి మిగిలేదే ఆ కాస్త చోటూ, ఆ కాస్త విశ్రాంతీ. లేపిన ప్రతిసారీ తిన్న తిండి ఖర్చైపోతుంది. ఓపిక పట్టండి, అవే లేస్తాయి.

కోరింగ లెక్క దీనికి తిరగేసి. మడ అడవి లోపల ఉప్పుటేళ్ళలో మీకు కావలసింది పాటు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వంతెన మీద నుంచి కనపడేది ఆకులూ బురదనీళ్ళూ మాత్రమే. నీళ్ళు దిగాక గట్లు బయటపడతాయి, మడ చెట్ల ఊపిరివేళ్ళు బురదలోంచి నిలువుగా పొడుచుకొస్తాయి, అప్పుడు అసలు సందడి మొదలవుతుంది. మీరు వెళ్ళిన పదకొండు గంటల వేళ ఎండా తప్పే, జనమూ ఎక్కువే, బహుశా పోటు కూడా అయ్యుంటుంది. ఉదయం తలుపులు తీసే వేళకి పాటు పడే రోజు చూసుకుని వెళ్ళండి. మామూలు రోజైతే మంచిది. పడవ ఎక్కాలంటే మాత్రం ఏటిలో కొంత నీరుండాలి, కాబట్టి ముందు వంతెన, తర్వాత పడవ అనుకోండి. టిక్కెట్టు దగ్గరే పడవ వేళలు అడిగి తెలుసుకోవచ్చు.

235 చదరపు కిలోమీటర్లకి పైబడిన అభయారణ్యం అది, 1978 నుంచి ఉంది. అందులో బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) ఉంది, నీటికుక్కలు ఉన్నాయి, నక్కలు ఉన్నాయి. బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు, దాని కోసం వెళ్ళి నిరాశపడకండి. నీటికుక్కలు పొద్దున్నే ఏటి మలుపుల్లో గుంపుగా కనపడే అవకాశం ఉంది. కానీ నన్నడిగితే మొదటి రెండు మూడుసార్లు పైకి చూడకండి, కిందకి చూడండి. బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న ఫిడ్లర్ పీతలు. మీ 70-300కి సరిపోయే దూరంలో, పారిపోయినా రెండు నిమిషాల్లో తిరిగొచ్చే ప్రాణులివి.

ఒక పీత కన్నం ఎంచుకుని అక్కడే ఆగండి. మీ నీడ పడగానే అన్నీ లోపలికి దూరతాయి. కదలకుండా ఉంటే ముందు కాడల మీద రెండు కళ్ళు పైకొస్తాయి, తర్వాత చిన్న డెక్క, ఆఖర్న పెద్ద డెక్క. మగదానికే ఆ పెద్ద డెక్క ఉంటుంది. దాన్ని ఎత్తి, పక్కకి చాచి, మళ్ళీ దగ్గరికి తీసుకుంటుంది. ఆడపీతని పిలవడం, పక్క మగవాణ్ణి అదిలించడం రెండూ దానితోనే. చిన్న డెక్కతో బురద నోట్లో పెట్టుకుని, తినగలిగింది తిని, మిగిలినది ఉండ చేసి కింద పెడుతుంది. డెక్క పూర్తిగా పైకి లేచిన క్షణమే మీకు కావలసిన ఫొటో. ఆ ఊపులో ఒక లయ ఉంటుంది, నాలుగైదుసార్లు చూస్తే ఎప్పుడు నొక్కాలో వేలికే తెలుస్తుంది. మడ్‌స్కిప్పర్ని కూడా అలాగే గమనించండి. ఒళ్ళు ఆరిపోతే తడి బురదలో పక్కకి దొర్లుతుంది, కళ్ళు ఒక్కసారి లోపలికి లాక్కుని తడి చేసుకుని మళ్ళీ పైకి తెస్తుంది. దొర్లేటప్పుడు ఒంటి మీద బురద మెరుస్తుంది. వెలుగు పక్క నుంచి పడే చోట దొరికితే ఇక ఆ పూట వేరే ఏమీ అక్కర్లేదు.

ఇక్కడే ఆ తిరిగే స్క్రీన్ పనికొస్తుంది. వంతెన మీద నిలబడి తీస్తే వీపులు తప్ప కళ్ళు రావు. లైవ్ వ్యూ (స్క్రీన్ మీదే చూసి తీసే పద్ధతి) పెట్టి, స్క్రీన్ బయటికి తిప్పి, కెమెరాని వంతెన చెక్కల ఎత్తుకి దించండి. మెడలో పట్టీ ఉండాలి, కింద బురద. కాళ్ళ కింద ఉన్నదాన్ని వదిలేసి నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న గట్టుని చూడండి, కోణం తగ్గి పీత కంటితో సమానంగా వస్తారు. మడ నీడలో వెలుగు తక్కువ, షట్టర్ 1/500కి దించినా ఫరవాలేదు.

అమలాపురంలో ఉండి ప్రతివారం కాకినాడ వెళ్ళక్కర్లేదు. మీ ఊరి చేలే మీకు అసలైన చోటు, దానికి క్యాలెండర్ రైతు చేతిలో ఉంది. సార్వాకి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకే కొంగల బారు నడుస్తుంది. చక్రం తిరగేసిన మట్టిలోంచి పురుగులూ కప్పలూ బయటపడతాయి కాబట్టి వాటికి ట్రాక్టరంటే భయం లేదు, మనిషంటేనే భయం. గట్టు మీద ట్రాక్టరు తిరిగొచ్చే మూల దగ్గర కూర్చోండి, అదే వాటిని మీ దగ్గరికి తోలుకొస్తుంది. ఆ రోజుల్లో గోవుల వెంట తిరిగే కొంగలకి తలా మెడా నారింజ రంగు తిరిగి ఉంటాయి. ఓపెన్‌బిల్ కొంగలూ అప్పుడే దిగుతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనపడుతుంది, నత్తని పట్టి లోపలి కండని లాగేస్తుంది. ఆ సందులోంచి అవతలి వెలుగు కనపడేలా పక్క నుంచి తియ్యండి.

వానాకాలంలోనే కాలువ గట్ల మీద ఈతచెట్లకి, తాటిచెట్లకి గిజిగాడు గూళ్ళు అల్లుతుంది. సగం అల్లిన గూటికి మగపిట్ట తలకిందులుగా వేలాడి రెక్కలు కొట్టుకుంటూ ఆడదాన్ని పిలుస్తుంది. దూరం నుంచే తియ్యండి. అడ్డం ఉందని ఒక్క ఆకు కూడా తుంచకండి, ఆ ఆకే గూటికి నీడ, కాకి కంట పడకుండా మరుగు. గుడ్లు పెట్టాక ఏ పిట్ట గూటి దగ్గరా ఎక్కువసేపు ఉండొద్దు. ఫోన్‌లో కూత వినిపించి పిట్టని పిలిచే అలవాటు ఈమధ్య పెరిగింది. తన చోటులోకి శత్రువు వచ్చాడనుకుని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. దయచేసి అది నేర్చుకోకండి.

కోతలయ్యాక, దాళ్వా ఊడ్పులకి నీళ్ళు పెట్టే రోజులు నాకు అన్నిటికంటే ఇష్టం. పొద్దున్న మంచు, పలచటి నీరు, అందులో పొడుగు ఎర్ర కాళ్ళతో బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్‌లు, తీగల మీద పసిరిక పిట్టలు, పాలపిట్ట. తెల్ల కొంగని ముదురు రంగు మట్టి ముందు తీసేటప్పుడు కెమెరా మట్టిని చూసి వెలుగు పెంచేస్తుంది, ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లగా మాడిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1కి దించి, హైలైట్స్ చూపించే స్క్రీన్‌లో ఎక్కడ మిణుకుతోందో చూసుకోండి. మంచులో ఉన్న నీటికాకికి దీనికి వ్యతిరేకం, ప్లస్ వైపు పెంచాలి. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరమంతా ఉంచే ఫైల్) తీస్తే తప్పు సర్దుకోవడానికి కాస్త చోటుంటుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక ఒక పదిహేను రోజులు గమనించండి. కాలువలో నీరు ఇంకిపోయి అక్కడక్కడా మడుగులు మిగులుతాయి, చేపలన్నీ వాటిలోనే. లకుముకి పిట్టలు, నీటికాకులు, కొంగలు ఒకే మడుగు చుట్టూ చేరతాయి. ఆ దారిన స్కూలుకి వెళుతూ ఏ మడుగులో ఇంకా నీరుందో చూసి పెట్టుకోండి. బండి ఆపి దిగగానే ఎగిరిపోతాయి. కాబట్టి కారు ఉన్నవాళ్ళని అడిగి, అద్దం దించి, కిటికీ అంచు మీద బియ్యం నింపిన గుడ్డసంచీ పెట్టి, దాని మీద లెన్స్ ఆనించి తియ్యండి. ఇంజన్ ఆపెయ్యాలి.

చేపల చెరువులు, రొయ్యల చెరువుల దగ్గర మాత్రం ముందు షెడ్డు దగ్గరికి వెళ్ళి అడగండి. పొడుగు లెన్స్ పట్టుకుని గట్టెక్కితే ఎవరో సర్వేకి వచ్చారనుకుని వాళ్ళకి టెన్షన్. తీసినవి ఓసారి చూపించండి, మర్నాటి నుంచి ఏ పిట్ట ఎక్కడ వాలిందో వాళ్ళే చెబుతారు.

గూడబాతులు (పెలికాన్లు) కావాలంటే చలికాలంలో ఒకరోజు కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళండి. అది ఉన్న కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యన ఉంది కాబట్టి మీకు కాస్త దూరమే, అయినా వెళ్ళి తీరాలి. అక్కడ కట్టిన ఇనుప మంచెల మీద అవి గూళ్ళు పెడతాయి, పడవలోంచి 300 చాలు.

ఇప్పుడు డబ్బు. సిగ్మా 150-600 కాంటెంపరరీ, టామ్రాన్ 150-600 జీ2, నికాన్ 200-500 మూడూ మీ బాడీ మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. మొదటి రెండూ సుమారు 2 కిలోలు, నికాన్ ఇంకాస్త బరువు, కానీ 500 దగ్గర కూడా ఎఫ్ 5.6 ఇస్తుంది, అంటే వెలుగు కాస్త ఎక్కువ. గట్ల మీద నడిచే మనకి నేను సిగ్మా చెబుతాను, బరువు కాస్తయినా తక్కువ కాబట్టి. కొత్తది బడ్జెట్ దాటితే సెకండ్ హ్యాండ్ వెతకండి. మొత్తం 80 వేలూ లెన్స్‌కే పెట్టకండి. ఒక మోనోపాడ్‌కి (ఒంటికాలి స్టాండు), లెన్స్ దాచే పెట్టెకి ఉంచుకోండి.

ఆ పెట్టె ఎందుకంటే, మన గాలిలో తడి ఎక్కువ. తోలు సంచీలో, బీరువాలో బట్టల మధ్య పెట్టిన లెన్స్‌కి ఒక వానాకాలంలోనే లోపల బూజు పట్టొచ్చు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల తేమ చూపించే చిన్న మీటరు చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. డబ్బాలో బియ్యం పొయ్యకండి, పిండి ధూళి లెన్స్‌లోకి పోతుంది. ఏసీ కారులోంచి దిగగానే సంచీ తియ్యకండి, ఓ అరగంట మూసే ఉంచితే అద్దం మీద ఆవిరి పట్టదు. అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్ల ఉప్పుగాలి తగిలితే ఇంటికి రాగానే మంచినీళ్ళలో తడిపి బాగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీనీ లెన్స్ గొట్టాన్నీ తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. ఇసుకలో లెన్స్ మార్చొద్దు.

సెకండ్ హ్యాండ్ లెన్స్ చూసేటప్పుడు చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా తెల్లటి దారాలు కనపడితే అది బూజు, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. జూమ్ రింగు తిప్పితే ఇసుక కరకరలాడకూడదు. మీ బాడీకే తగిలించి, 600 దగ్గర అపర్చర్ పూర్తిగా తెరిచి, ఇరవై మీటర్ల దూరంలో ఉన్న అక్షరాల బోర్డుని తియ్యండి. స్టెబిలైజేషన్ (చేతి వణుకుని తగ్గించేది) వేసి కొన్ని, ఆపి కొన్ని తీసి, ఇంట్లో కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. వారం రోజుల్లో తిరిగి తీసుకుంటామని రాసిచ్చేవాళ్ళ దగ్గరే కొనండి. ఆ వారంలో మీ చేల మీద ఒక ఉదయం, కాకినాడలో ఒక పోటు చూసుకుంటే లెన్స్ సంగతి పూర్తిగా తేలిపోతుంది.